పర్మనెంట్‌గా బిగించెయ్యమన్నది నేనే

నిన్న రాత్రి మావాడితో ఫోన్లో గంటన్నర పోట్లాడాను. రాజకీయాలు కావు, సినిమాలు కావు, ఎవడి ప్యాకేజీ ఎంతన్న గొడవా కాదు. స్క్రూ మంచిదా, రివిట్ మంచిదా అని. నవ్వాలనుంటే నవ్వేయండి, మా ఆవిడ పక్క గదిలోంచి ఆల్రెడీ నవ్వేసింది. కానీ ఈ గొడవకి మా నాన్న కుడిచేతి బొటనవేలికి సంబంధం ఉంది కాబట్టి, నాకు నవ్వు రావట్లేదు కాబట్టి, ఈ టపా.

మావాడంటే ఇంజనీరింగులో నా రూమ్మేటు. డల్లాస్ దగ్గరుంటాడు. గ్రీన్‌కార్డొచ్చి నాలుగేళ్ళయింది. పెరట్లో కూరగాయలు, గ్యారేజీలో వడ్రంగం, ఈ రెండూ అయిపోయాక ఇప్పుడు మూడో పిచ్చి పట్టుకుంది. రైఫిల్ కిట్. పాత సైన్యాల దగ్గర పనైపోయిన ఏకే రకం రైఫిళ్ళ చట్రాన్ని ముక్కలుగా కోసేసి, మిగతా సామాన్లు పెట్టెలో వేసి అమ్ముతారక్కడ. కొన్నవాడు కొత్త చట్రం సంపాదించి, మిగతా ముక్కలన్నీ దానికి బిగించుకుంటాడు. మనం చిన్నప్పుడు మెకానో సెట్టుతో క్రేన్ కట్టినట్టన్నమాట. సొంతానికి రైఫిలు తయారు చేసుకోవడం ఆ దేశపు ఫెడరల్ చట్టం ప్రకారం, అర్హత ఉన్నవాళ్ళకి, తప్పు కాదు. రాష్ట్రాన్ని బట్టి షరతులు మారతాయి.

ఇక్కడో మాట ముందే చెప్పి పెడతాను, లేకపోతే ఎవడో ఒకడు ఉత్సాహపడతాడు. హెచ్1బీ మీద అక్కడున్న వాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం; వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, అంతే. వీకెండు కదా అని స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఫేస్‌బుక్కులో ఫోటో పెట్టే బాబులు గమనించగలరు. ఇక మన దేశంలోనైతే ఆలోచనే వద్దు. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం, దానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 7 ఏళ్ళ నుంచి యావజ్జీవం దాకా. మనకి మిగిలింది గాలి తుపాకీ. 2016 నిబంధనల ప్రకారం 0.177 క్యాలిబరు, 20 జౌళ్ళ లోపు ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. మా సుబేదారి ఇంట్లో ఉన్నది అదే. దాని దగ్గరికే వస్తున్నాను.

ముందు మావాడి సంగతి. చట్రం ముందు భాగంలో, గొట్టాన్ని పట్టుకునే ఉక్కు దిమ్మ ఒకటుంటుంది. పేలినప్పుడు వచ్చే దెబ్బంతా దాని మీదే. దాన్ని రేకు చట్రానికి ఫ్యాక్టరీలో రివిట్లతో కలుపుతారు. రివిట్ కొట్టాలంటే ప్రెస్సు కావాలి, అచ్చులు కావాలి, ఒకటి వంకరగా పడితే తవ్వి తీసి మళ్ళీ కొట్టాలి. మావాడు లెక్కేసుకుని, "స్క్రూలు వేసేస్తా, ఏదైనా తేడా వస్తే విప్పుకోవచ్చు కదా" అన్నాడు. అక్కడ ఇలా స్క్రూలతో కూర్చేవాళ్ళొక పార్టీ, "రివిట్ లేనిది రైఫిలే కాదు" అనే వాళ్ళొక పార్టీ అట. మన ఊళ్ళో రెండు గణేశ్ మండపాల మధ్య కూడా అంత పట్టింపు ఉండదు.

నేను రివిట్ వైపు. కనీసం ఆ దిమ్మ దగ్గర.

ఎందుకో చెప్తాను. రివిట్‌ని నొక్కినప్పుడు తల ఒక్కటే విచ్చుకోదు. ఒళ్ళంతా ఉబ్బి, రంధ్రం గోడలకి ఆనుకునేలా నిండిపోతుంది. స్క్రూ అలా కాదు. అది దూరాలంటే రంధ్రం దానికంటే వెంట్రుక మందమైనా పెద్దదిగా ఉండాలి. ఆ వెంట్రుక మందమే శత్రువు. దెబ్బ పడినప్పుడల్లా రేకు ఆ కాస్త జాగాలో ముందుకీ వెనక్కీ జరగడానికి చూస్తుంది. పోనీ రేకులోనే మర తిప్పుదామా? 4 మిల్లీమీటర్ల మామూలు స్క్రూకి ఒక చుట్టు 0.7 మిల్లీమీటరు. చట్రం రేకు మందం 1 మిల్లీమీటరు. ఒకటిన్నర చుట్టు కూడా పట్టదు. కాబట్టి మర దిమ్మలో తిప్పాలి, రేకుని స్క్రూ తల నొక్కి పట్టాలి, ఆ పట్టు ఎన్నాళ్ళుంటుందనేది దేవుడి దయ.

సోవియట్ వాళ్ళు దీంతో పదేళ్ళు కుస్తీ పట్టారు. 1949లో ఏకే-47ని సైన్యంలోకి తీసుకున్నారు. మొదట చేసిన రేకు చట్రాలు తయారీలో సరిగా కుదరక ఎక్కువ భాగం తీసి పారెయ్యాల్సొచ్చింది. 1951 నుంచి ఉక్కు దిమ్మనే చెక్కి చట్రం చేశారు. బరువూ ఎక్కువే, పనీ ఎక్కువే. చివరికి 1959లో ఏకేఎం అని మళ్ళీ రేకు చట్రంతోనే తెచ్చారు, ఈసారి రివిట్లు కుదిరాయి. దాదాపు కిలో బరువు తగ్గింది. ఇన్ని తిప్పలు పడి తేల్చిన సంగతిని డల్లాస్ గ్యారేజీలో మావాడు హార్డ్‌వేర్ షాపు స్క్రూలతో తిరగరాస్తానంటే నేనెలా ఊరుకుంటాను?

ఇదంతా నేను ఊపిరి తీసుకోకుండా చెప్పాక వాడు ఒక్క నిమిషం మౌనంగా ఉండి అన్నాడు కదా: "అరేయ్, మీ నాన్న వేలు నలిగిన తర్వాత కూడా రివిట్ అంటున్నవా?"

దెబ్బ కరెక్టుగా తగిలింది.

సుబేదారి తెలియని వాళ్ళకి: హనుమకొండలో ఒక భాగం. నిజాం కాలంలో వరంగల్ సుబాకి సుబేదారు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. కలెక్టరాఫీసు, ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, పెద్ద పెద్ద చెట్లు. చెట్లున్నాయి కాబట్టి కోతులు. మా ఇంటి మేడ మీద నీళ్ళ ట్యాంకు మూతని రాయి పెట్టినా తీసేస్తాయి. జామచెట్టు కాయని మేం తిని పదేళ్ళయింది. నాన్న రిటైరయ్యాక ఈ కోతులే ఆయనకి ఆఫీసు. పొద్దున్నే పేపరు చదివి, టీ తాగి, మా పెదనాన్న వదిలేసిన పాత గాలి తుపాకీ పట్టుకుని మేడెక్కుతాడు. కోతిని కొట్టడానికి కాదు, ఆంజనేయస్వామి అని అమ్మ ఊరుకోదు. ఉత్తినే మడిచి "టప్" మనిపించడానికి. మరీ మొండి మంద వస్తే పేపరు ముక్క నోట్లో నానబెట్టి, ఉండ చేసి గొట్టంలో కుక్కి కాలుస్తాడు.

ఇది స్ప్రింగు తుపాకీ. గొట్టాన్ని మధ్యకి విరిచినట్టు వంచితే లోపల పిస్టను వెనక్కి వెళ్ళి, స్ప్రింగు నొక్కుకుని, ఒక కొక్కెం దాన్ని పట్టి ఆపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదులుతుంది, పిస్టను ముందుకు దూకి గాలిని కొడుతుంది. గొట్టంలో సీసపు బిళ్ళ ఉంటే ఆ గాలి దాన్ని తొయ్యాలి కాబట్టి చివర్లో పిస్టనుకి మెత్తటి పరుపు దొరికినట్టవుతుంది. బిళ్ళ లేకపోతే పరుపు లేదు. ఇనుము వెళ్ళి ఇనుముని గుద్దుతుంది. నాన్న రోజుకి పది పదిహేను సార్లు, ఏళ్ళ తరబడి, ఖాళీగా కాల్చాడు. దాని ఫలితం ముందు స్క్రూల మీద కనపడింది. కట్టెని పట్టే స్క్రూలు, ట్రిగ్గర్ పెట్టె మూత స్క్రూలు, వారానికోసారి వదులు. ఆయన వారానికోసారి కరెంటు టెస్టరుతో బిగించేవాడు. (తెలుగు ఇళ్ళల్లో టెస్టరు కరెంటు చూడ్డానికి వాడింది నేనెప్పుడూ చూళ్ళేదు.) టెస్టరు మొన సన్నం కాబట్టి స్క్రూ గాడి అరిగిపోయింది. ఇక బిగవలేదు.

అప్పుడు ఫోన్ చేశాడు. నేను ఏదో రిలీజు హడావుడిలో ఉన్నాను. "స్క్రూలు నిలుస్తలేవురా, ఏం చెయ్యాలె?" అన్నాడు. నేను కాల్లోంచి కాల్లోకి దూకుతూ, "ఎవరికైనా ఇచ్చి పర్మనెంట్‌గా బిగించెయ్యమను నాన్నా, మళ్ళీ మళ్ళీ ఊడకుండా" అన్నాను. అక్షరాలా ఇదే మాట. ఆయన తీసికెళ్ళి ఒక రిపేరు మనిషికిచ్చాడు. ఎవరో చెప్పను, ఆయన తప్పు నా తప్పు కంటే ఎక్కువేం కాదు. "స్క్రూలెందుకు సారూ, రివిట్ కొడత. ఇగ సచ్చినా ఊడది" అన్నాడట. ట్రిగ్గర్ పెట్టె మూతకి రెండు రివిట్లు కొట్టాడు. నిజంగానే ఊడలేదు.

పద్నాలుగు నెలలు ఊడలేదు. ఆ పద్నాలుగు నెలలూ ఆ మూత కింద కొక్కెం అంచు అరుగుతూ ఉంది. ఖాళీ దెబ్బలకి వదులైంది స్క్రూలొక్కటే కాదు కదా. స్క్రూలుండగా వారానికోసారైనా ఆ మూత చుట్టూ చెయ్యి తిరిగేది. రివిట్లు పడ్డాక చూడాల్సిన పనీ లేదు, చూద్దామన్నా దారీ లేదు. ఒకరోజు నాన్న గొట్టం వంచి, ఉండ కుక్కుతూ బొటనవేలు గొట్టం వెనక అంచు మీద పెట్టాడు. కొక్కెం జారింది. ట్రిగ్గర్ ఎవరూ ముట్టుకోలేదు. స్ప్రింగు విడుదలైతే గొట్టం తలుపులా మూసుకుంటుంది, చాలా వేగంగా. ఈ రకం తుపాకీ పట్టే ప్రతివాడికీ మొదటి పాఠం, బిళ్ళ పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకోవాలని. నాన్న రెండో చేతిలో పేపరుంది.

గోరు పోయింది. ఎముక చివర చిట్లింది. కుట్లు పడ్డాయి. మూడు నెలలు ఆయన సంతకం పెట్టలేదు, కలిపి ముద్ద పెట్టుకోలేదు, అమ్మ చెంచా ఇస్తే విసిరికొట్టాడు. నలభై ఏళ్ళు ఫైళ్ళ మీద ఆయన రాసిన గుండ్రటి అక్షరం ఇప్పుడు కొంచెం కుడివైపు ఒరిగి ఉంటుంది. అంతే జరిగింది, అంతకంటే ఘోరం జరగలేదు, అందుకు సంతోషమే. కానీ వేలికి కట్టు చూసినప్పుడల్లా "పర్మనెంట్‌గా బిగించెయ్యమను" అన్న మాట నా గొంతులోనే వినపడేది.

ఇప్పుడు చెప్పండి, రివిట్‌ది తప్పా?

కాదనే నా వాదన. మన వృత్తిలో దీనికి రోజూ సమావేశాలు పెట్టుకుంటాం కదా. సర్వరు రాత్రి రెండింటికి పడిపోతుంటే, ఎందుకు పడిపోతోందో చూడకుండా, పడిపోగానే లేపే స్క్రిప్టు రాసేవాడొకడుంటాడు. డాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది. మేనేజరు మెయిల్లో చప్పట్లు కొడతాడు. ఆర్నెల్లకి డేటా పాడైందని తెలుస్తుంది. స్క్రూ వదులవడం ఒక ఎర్రరు మెసేజు. లోపలేదో గుద్దుకుంటోందని అది వారంవారం వచ్చి చెప్పింది. మేం ఆ మెసేజు నోరు మూసేశాం, రెండు రివిట్లతో. స్క్రూ తప్పుకాదు, రివిట్ తప్పుకాదు, ఖాళీగా కాల్చడం తప్పు. దాన్ని ఎవరూ అడగలేదు. సాఫ్ట్‌వేరులో పదిహేడేళ్ళు పనిచేసిన నేనూ అడగలేదు.

అందుకే మావాడి ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు అరగంట పట్టినా, దొరికింది. వాడి రైఫిల్లో ఆ దిమ్మ అరిగే వస్తువు కాదు. దాన్ని విప్పి చూడాల్సిన పని మామూలుగా రాదు. అక్కడ దెబ్బ ఉంది, కదలకూడదు, కాబట్టి రివిట్. అదే కలష్నికోవ్ డిజైన్లో అరిగేవి చూడండి. ట్రిగ్గరు, సుత్తి, వాటి స్ప్రింగులు: ఏ ఒక్కదానికీ రివిట్ లేదు. ఇరుసులు లాగితే చేతిలోకొస్తాయి. పైమూత నొక్కితే ఊడుతుంది. మంచులో, బురదలో, చదువురాని సిపాయి కూడా విప్పి తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవాలని అలా చేశారు. ఆ తుపాకీతో లోకంలో జరిగిన పాపం సంగతి వేరే, అది నేను సమర్థించబోవట్లేదు. కానీ ఏది బిగించాలి, ఏది విప్పనివ్వాలి అన్న చోట ఆ మనిషికున్న స్పష్టత మా సుబేదారి మేడ మీద లేదు. మావాడేమో విప్పకూడని చోట స్క్రూ వేస్తానంటాడు, నేనేమో విప్పాల్సిన చోట రివిట్ వేయించాను. ఇద్దరం ఒకే కాలేజీ సరుకు :)

"స్క్రూ అన్నాక వదులవుతుంది, దానికి ఖాళీ కాల్పులే అక్కర్లేదు" అంటారు రివిట్ భక్తులు. కొంత నిజమే. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగం చేసి చూపించాడు, స్క్రూకి అడ్డంగా కుదుపు తగిలితే అది తనంతట తానే తిరిగి వదులవుతుందని. కానీ ఆ తర్వాత జరగాల్సిన ఆలోచన "అయితే స్క్రూ వద్దు" అని కాదు గదా. దానికంటే ముందే తుపాకీ చేసేవాళ్ళు దారులు కనిపెట్టారు. 1898 నాటి మౌజర్ రైఫిల్లో కింద ఉండే రెండు పెద్ద స్క్రూల పక్కన ఒక్కో బుల్లి స్క్రూ ఉంటుంది. దాని పనల్లా పెద్దదాన్ని తిరగనివ్వకపోవడం. విప్పాలంటే ముందు చిన్నది తియ్యి, తర్వాత పెద్దది తియ్యి. బ్రిటిష్ వాళ్ళు స్క్రూ తల పక్కన సుత్తితో ఒక్క పోటు పొడిచి వదిలేసేవాళ్ళు. ఇప్పుడైతే లాక్‌టైట్ ఉంది. నీలం రంగుది ఒక చుక్క వేస్తే కుదుపుకి కదలదు, కావాలనుకున్నప్పుడు మామూలు స్క్రూడ్రైవరుతో వస్తుంది. ఎర్రదైతే వేడి చేస్తేగానీ రాదు. ఒక చుక్క నీలం మందు! నాన్న వేలి ఖరీదు అది.

మన దేశపు ఉదాహరణే చెప్పాలంటే, పోలీసు స్టేషన్లలో దశాబ్దాల పాటు చూసిన ఆ త్రీనాట్‌త్రీ. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడు దాకా దాన్ని మోశారు. ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్ళు ముందుకట్టె చీలిపోకుండా అడ్డంగా ఒక స్క్రూ అదనంగా వేశారు. పాత తుపాకులు పోగుచేసే విదేశీయులు ఇప్పటికీ దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. చీలుతోంది కాబట్టి శాశ్వతంగా ఇనుప పట్టీ చుట్టి రివిట్ కొట్టెయ్యలేదు వాళ్ళు. కట్టె పాడైతే మార్చుకోవాలని తెలుసు.

ఇంకో అపోహ, రివిట్ వదులవదని. అవుతుంది. రైలు వంతెనల మీద రివిట్లని తనిఖీ చేసే మనిషి చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. ఒక పక్క వేలు ఆనించి రెండో పక్క కొట్టి, చప్పుడూ అదురూ చూసి ఏది వదులైందో చెప్తాడు. రాజమండ్రి హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్ళని మోసిందంటే రివిట్ గొప్పతనంతో పాటు ఆ సుత్తి గొప్పతనం కూడా. రివిట్ కొట్టిన తర్వాత కూడా వచ్చి చూసేవాడొకడున్నాడు. మా ఇంట్లో రివిట్ పడ్డాక చూసేవాడు లేడు.

మా ఊరి వేయిస్తంభాల గుడి సంగతి చెప్పకపోతే హనుమకొండ వాడిని కానట్టే. 1163లో రుద్రదేవుడు కట్టించాడు. దాని కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయి విప్పి, మళ్ళీ పేర్చి, 2024 మార్చి 8న శివరాత్రి రోజు తెరిచారు. ఇన్నేళ్ళు పట్టినందుకు తిట్టాల్సిన వాళ్ళని మేం తిడుతూనే ఉన్నాం, అది ఇంకో టపా. కానీ విప్పగలిగారు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత వేరే భాష మాట్లాడే, వేరే కొలతలు వాడే ఇంజనీర్లు వచ్చి విప్పి మళ్ళీ పెట్టగలిగారు. రాయికి రాయి కుదిరేలా పేర్చారు కాబట్టి. సున్నంతో ఒక్క ముద్ద చేసి ఉంటే పగలగొట్టడం తప్ప ఇంకో మార్గం ఉండేది కాదు. నా స్కూటరు సైలెన్సర్ పట్టీకి అలాంటి గౌరవం దక్కదు, ఊడితే చాలు "వెల్డింగ్ పెట్టేద్దామన్నా" అంటాడు.

ఇక మీ ఒళ్ళో ఉన్న యంత్రం. 2016 తర్వాత కొన్నేళ్ళు ఆపిల్ వాళ్ళ మాక్‌బుక్ ప్రోల కీబోర్డు పై చట్రానికి రివిట్లతోనే ఉండేది. కీబోర్డంటే రోజంతా వేళ్ళు పడే చోటు, అందరికంటే ముందు అరిగే భాగం. అందులోనూ అవి ఆ బటర్‌ఫ్లై మీటలు, దుమ్ము రేణువు పడితే మొరాయించేవి. ఒక్క మీట పోతే పై చట్రం మొత్తం, బ్యాటరీతో సహా మార్చాల్సొచ్చేది. 2018లో ఉచిత మరమ్మతు పథకం పెట్టారు, చివరికి అమెరికాలో వేసిన దావాకి 2022లో 5 కోట్ల డాలర్లకి రాజీ పడ్డారు. అది రివిట్ వల్ల వచ్చిన జబ్బు కాదని నాకూ తెలుసు. జబ్బు మీటది. కానీ చిన్న జబ్బుని పెద్ద బిల్లు చేసింది రివిట్. మన ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలు ఒకటి తెరిచింది. కంపెనీలు అందులో మాన్యువళ్ళూ సర్వీసు సెంటర్ల వివరాలూ పెడుతున్నాయి. మంచిదే. కానీ స్క్రూ తల ఉండాల్సిన చోట రివిట్ ఉంటే మాన్యువలు చదివి ఏం చేసుకోను?

డిజైను రివ్యూలో "ఇది లోపల ఏమవుతోందో మనకెలా తెలుస్తుంది?" అని అడిగితే "అది స్టేబులే, ముట్టుకోవద్దు" అనే సీనియర్ ఒకడు ప్రతి టీములో ఉంటాడు. చాలా ఏళ్ళు ఆ సీనియర్ని నేనే. పనిచేస్తున్న దాన్ని కదపొద్దన్నది మంచి నియమమే అనుకునేవాణ్ణి. ఆ తుపాకీ కూడా పద్నాలుగు నెలలు పనిచేసింది.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు రివిట్ల తలలు డ్రిల్లుతో తవ్వి తీశాను. రెండింటికీ గంట పట్టింది. మూత తెరిస్తే లోపలంతా నల్లటి ఇనుప పొడి. కొక్కెం అంచు చక్కగా, నదిలో గులకరాయిలా నున్నగా ఉంది. పిస్టను సీలు చీలికలు. రంధ్రాల్లో పాత మర మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త స్క్రూలు కొన్నాను, గాడికి సరిపోయే స్క్రూడ్రైవరు కొన్నాను, లాక్‌టైట్ కొన్నాను. కొక్కెం మాత్రం దొరకలేదు. ఆ మోడలు చెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. గీసి పెట్టుకుందామని ఆకురాయి చేతిలోకి తీసుకుని, నాన్న వేలు చూసి, కింద పెట్టేశాను. కొలిచి చెయ్యగల లేతు మనిషి దొరికేదాకా తుపాకీ ముక్కలుగానే బిస్కెట్ డబ్బాలో ఉంటుంది.

మావాడు మొత్తానికి రివిట్లకే ఒప్పుకున్నాడు. ప్రెస్సు అద్దెకి తెస్తాడట. "ట్రిగ్గరు వైపు మాత్రం నీ సలహా అడగను" అన్నాడు. అనాల్సిందే.

నాన్న ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో అడుగుతాడు, "గా తుపాకి సంగతేమాయె?" అని. కొక్కెం దొరకలేదంటాను. "గింతదాన్కి గన్ని రోజులా?" అంటాడు. ఈలోపు మేడ మీద వెదురు కర్రతో పని నడుస్తోంది. ట్యాంకు మూతకి మాత్రం నాలుగు బోల్టులు పెట్టించాను, రెక్కల నట్లవి, చేత్తో తిప్పి తీసేవి. ప్లంబరు "కోతులు గూడ తీస్తయి సార్, రివిట్ కొట్టనా?" అన్నాడు. వద్దన్నాను. కోతులు మూడో రోజుకి రెండు తీశాయి.